రూమ్‌లో పడీపడీ నవ్వాం, పేపర్ మీద పెడితే ఎవ్వరూ నవ్వట్లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి. ఇద్దరో ముగ్గురో ఫ్రెండ్స్ కలిసి, పెద్ద బ్యానర్ ఏదీ లేకుండా, సొంతంగానే తీసేద్దాం అనుకుని కామెడీ స్క్రిప్ట్ రాస్తున్నవాళ్ళవి. చదువుతుంటే చాలా సంతోషంగా అనిపించింది, ఎందుకంటే నేను కూడా యూసఫ్‌గూడలో ఒక టీ బండి పక్కన బల్ల మీద కూర్చుని ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసే రాయడం నేర్చుకున్నా. అందుకే మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి పెట్టి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నా. ఉత్తరాలు పెద్దవి కాబట్టి కొంచెం కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: అక్కా, మేం ముగ్గురం బీటెక్ నుంచి రూమ్మేట్స్. అమీర్‌పేట హాస్టల్లో ఉద్యోగాల కోసం తిరిగిన రోజుల మీద స్క్రిప్ట్ రాస్తున్నాం. కూర్చుంటే రాత్రి రెండింటి దాకా నవ్వుతూనే ఉంటాం. తీరా టైప్ చేసి మా కజిన్‌కి ఇస్తే 40 పేజీలు చదివి "బాగుందిరా" అని తిరిగిచ్చేశాడు, ఒక్కసారి కూడా నవ్వలేదు. ఒక సీన్ పంపుతున్నాం, ఎక్కడ తేడా కొట్టిందో చెప్పండి.
— ముగ్గురు ఫ్రెండ్స్, గుంటూరు

జవాబు: తమ్ముళ్ళూ, ముందు మీ సీన్ మిగతావాళ్ళ కోసం ఇక్కడ పెడుతున్నా. "రూమ్‌లో ఫార్మల్ షూస్ ఒక్కటే జత. చంటి వేసుకుని అటూ ఇటూ నడుస్తాడు. అందరూ పడీపడీ నవ్వుతారు. బుజ్జి: ఒరేయ్, నువ్వు నడుస్తుంటే అచ్చం మన హెచ్‌ఓడీరా! మళ్ళీ నవ్వులు."

ఇది మీకు నవ్వు తెప్పిస్తుందంటే నేను నమ్ముతా. మీకు చంటి ఆరేళ్ళుగా తెలుసు, వాడి నడక తెలుసు, ఆ హెచ్‌ఓడీ ఎలా నడిచేవారో తెలుసు, ఆ షూస్ ఏ షాపులో ఎంత బేరం ఆడి కొన్నారో కూడా తెలుసు. మీ కజిన్‌కి ఇందులో ఒక్కటీ తెలీదు, ఆయన చేతిలో ఉన్నది కాగితం, అందులో ఎవరో కుర్రాడు నడిచాడు, పక్కనున్న ఇంకెవరో నవ్వారు, అంతే. ఫ్రెండ్స్ మధ్య నవ్వు ఆ మనిషి వల్ల వస్తుంది, మనం జోక్ వల్ల వచ్చింది అనుకుంటాం, జోక్ ఒక్కటే తీసుకెళ్ళి పేజీలో పెడతాం, మనిషిని రూమ్‌లోనే వదిలేస్తాం. కలిసి కామెడీ రాసేవాళ్ళలో నేను చూసినంతవరకు నూటికి తొంభై మంది పడే గొయ్యి ఇదే, నేనూ పడ్డాను.

ఒక పని చేయండి. మీ 40 పేజీల్లో "అందరూ నవ్వుతారు", "నవ్వు ఆపుకోలేకపోతాడు" లాంటివి ఎన్ని ఉన్నాయో వెతికి అన్నీ కొట్టేయండి. కొట్టేశాక ఆ సీన్‌లో ఏం మిగిలిందో చూడండి, ఏమీ మిగలకపోతే అక్కడ సీన్ ఇంకా పుట్టలేదని అర్థం.

కానీ మీ షూ సీన్‌లో మంచి సరుకుంది, దాన్ని మీరే గమనించలేదు. ఒక్క జత షూస్, ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే రోజు ఇద్దరికీ ఇంటర్వ్యూ ఉందనుకోండి. చంటిది 9 నంబర్ కాలు, షూస్ వాడివి. బుజ్జిది 7, వాడు వేసుకోవాలంటే ముందు పేపర్ కుక్కాలి. చంటికి పొద్దున పదిన్నరకి రాయదుర్గంలో, బుజ్జికి పన్నెండున్నరకి నాంపల్లిలో. చంటి బ్లూ లైన్ మెట్రోలో వెనక్కొచ్చి అమీర్‌పేట స్టేషన్‌లో షూస్ విప్పిస్తే, బుజ్జి అక్కడ్నుంచి రెడ్ లైన్ ఎక్కి నాంపల్లి వెళ్ళాలి, ప్లాన్ అదీ. బుజ్జి ఇస్త్రీ చొక్కా, టై, సాక్సుల మీద బాత్రూమ్ చెప్పులు వేసుకుని అమీర్‌పేట ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఉన్నాడు, చేతిలో కుక్కడానికి మడిచిపెట్టుకున్న పేపర్. ఇక్కడిదాకా ఎవరైనా రాస్తారు. ఇప్పుడు రాయదుర్గంలో హెచ్‌ఆర్ మేడమ్ బయటికొచ్చి చంటితో "కంగ్రాట్స్, ఫస్ట్ రౌండ్ అయిపోయింది, సెకండ్ రౌండ్ పన్నెండింటికి, ఇక్కడే వెయిట్ చేయండి" అంటుంది.

చూశారా, వాడికి జీవితంలో వచ్చిన మొదటి మంచి వార్తే ఇప్పుడు గండం అయిపోయింది. వాడు ఉంటే బుజ్జి చెప్పులతో ఇంటర్వ్యూకి పోవాలి, వాడు బయల్దేరితే వాడి ఉద్యోగం పోతుంది, షూస్ పంపించేస్తే వాడు సెకండ్ రౌండ్‌లో సాక్సులతో కూర్చోవాలి. ఈ మూడిట్లో వాడు ఏది చేసినా నేను నవ్వుతా, ఏది చేసినా వాడంటే నాకు ఇష్టం కూడా పెరుగుతుంది, పైగా నాకు మీ హెచ్‌ఓడీ గురించి ఏమీ తెలియక్కర్లేదు. ఇక్కడ పంచ్ డైలాగ్ కూడా అక్కర్లేదు, బుజ్జి ఫోన్ చేసి "ఎక్కడున్నావ్ రా" అంటే చంటి ఒక్క సెకను ఆగి "వచ్చేస్తున్నా" అన్నాడంటే చాలు, ఆ ఒక్క సెకనులోనే హాలు నవ్వుతుంది. మీరు ఇలాగే రాయాలని కాదు, మీ ముగ్గురికీ ఆ రోజుల్లో జరిగింది ఇంతకంటే బాగుండి ఉంటుంది, దాన్ని అవసరం వైపు నుంచి చూడండి అంటున్నా, ఎవడికి ఏం కావాలి, అది దొరక్కుండా ఏది అడ్డం పడింది అని.

ఇంకోటి, చదివించే పద్ధతి మార్చండి. కజిన్‌కి ఇచ్చి పంపించొద్దు. మీ రూమ్‌తో సంబంధం లేని నలుగుర్ని పిలిచి, టీ బిస్కెట్లు పెట్టి, పాత్రలు వాళ్ళకే పంచి పైకి చదివించండి. మీరు ముగ్గురూ గోడకి ఆనుకుని కూర్చోండి, నోరు మెదపకూడదు, పెన్సిల్‌తో నవ్విన చోట టిక్కు పెట్టుకుంటూ పోవాలి అంతే. మధ్యలో "అంటే అక్కడ ఏంటంటే" అని చెప్పాలనిపిస్తుంది చూడండి, నాలుక చివరిదాకా వస్తుంది, ఆ చెప్పబోయిన మాటే పేజీలో లేనిది, అక్కడ చుక్క పెట్టుకోండి. మా మొదటి స్క్రిప్ట్ బైండింగ్‌కి ఇచ్చినప్పుడు జిరాక్స్ షాపతను స్పైరల్ వేస్తూ వేస్తూ ఒక పేజీ దగ్గర ఆగిపోయి నవ్వాడు, మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం, ఎందుకంటే అది మేం జోక్ అనుకుని రాసింది కాదు, అద్దె అడగడానికి వచ్చిన ఓనర్ గారు చెప్పులు బయట విప్పాలా వద్దా అని గుమ్మంలో తచ్చాడే రెండు లైన్లు. మేం గంటలు గంటలు చెక్కిన పంచ్‌లున్న పేజీని మాత్రం అతను మామూలుగా తిప్పేశాడు. ఆ రోజు నుంచి నేను ముక్కూ మొహం తెలియనివాళ్ళ నవ్వునే నమ్ముతున్నా.

ప్రశ్న: మేడమ్, మేమిద్దరం చిన్నప్పటి ఫ్రెండ్స్‌మి. కథ లైన్ నాది, సీన్లు ఇద్దరం కలిసి అనుకున్నాం, కూర్చుని రాసిందంతా వాడు. ఇప్పుడు ఒక చిన్న ప్రొడ్యూసర్ నరేషన్ వింటానన్నారు. వాడేమో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు మూడింటికీ వాడి పేరే ఉండాలంటున్నాడు, "రాసింది నేనే కదరా" అంటాడు. నాకు గొడవ ఇష్టం లేదు, అలాగని వదులుకోవాలనీ లేదు.
— ఒక మిత్రుడు, వరంగల్

జవాబు: గొడవ ఇష్టం లేదు అని ఇప్పుడు మాట్లాడకుండా ఉంటే తర్వాత ఇంకా పెద్ద గొడవ అవుతుంది, అది నేను అనుభవించి చెప్తున్నా. మేం ముగ్గురం రాసుకున్న ఆ మొదటి స్క్రిప్ట్ ఒక చిన్న కంపెనీ తీసుకుంది, మా మధ్య కాగితం ముక్క లేదు, సిట్టింగ్స్‌కి, అంటే కంపెనీ వాళ్ళతో కథ మీద కూర్చునే చర్చలకి, వెళ్ళింది ఇద్దరమే, మూడో ఫ్రెండ్ ఊళ్ళో వాళ్ళమ్మకి ఆపరేషన్ ఉండి రాలేకపోయింది. ఒప్పందంలో మా ఇద్దరి పేర్లే రాసుకొచ్చారు, తర్వాత చేర్పిద్దాంలే అనుకుని సంతకాలు పెట్టేశాం, ఆ తర్వాత అనేది రాలేదు. సినిమా కూడా మధ్యలో ఆగిపోయింది, కానీ ఆ అమ్మాయి నాలుగేళ్ళు మాతో మాట్లాడలేదు. అద్దె ఓనర్ చెప్పుల సీన్ ఆమె రాసిందే. ఇప్పటికీ తల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇక చట్టం సంగతి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉత్త ఆలోచనకి హక్కు ఉండదు, దాన్ని ఒక రూపంలో పెట్టినప్పుడే హక్కు పుడుతుంది. దీని మీద 1978లో సుప్రీం కోర్టు తీర్పు ఉంది, ఆర్.జి. ఆనంద్ అని ఒక నాటక రచయిత తన నాటకాన్ని సినిమాగా కాపీ కొట్టారని వేసిన కేసు, ఇతివృత్తం ఒకటే అయినంత మాత్రాన సరిపోదు, ఆ భావాన్ని చెప్పిన తీరు కాపీ అయితేనే తప్పు అని కోర్టు తేల్చింది. అంటే "లైన్ నాది" అన్న ఒక్క మాట మీద మీరు నిలబడలేరు, అది మీకు కష్టంగా ఉన్నా తెలిసి ఉండాలి. కానీ అదే చట్టంలో ఉమ్మడి రచన అనేది ఉంది, ఇద్దరు కలిసి పనిచేసి, ఎవరి భాగం ఏదో విడదీయలేనట్టు రాస్తే ఇద్దరూ రచయితలే. మీరు సీన్లు కలిసి అనుకున్నాం అంటున్నారు, దానికి రుజువులేమైనా ఉన్నాయా, మీరు పంపిన వాయిస్ నోట్లు, సీన్ ఆర్డర్ రాసిన నోట్‌బుక్, వాట్సాప్ మెసేజ్‌లు, అవన్నీ ముందు జాగ్రత్త చేయండి. ఫ్రెండ్ మీద కేసుకి కాదు, మీ ఇద్దరికీ ఏది ఎవరు ఇచ్చారో గుర్తుకు రావడానికి.

తర్వాత వాడ్ని ఇంటికి పిలిచి, ఇద్దరూ కలిసి స్క్రిప్ట్ మొదటి పేజీ నుంచి తిరగేయండి. మన సినిమాల్లో కథ, స్క్రీన్‌ప్లే, మాటలు అని మూడు విడి టైటిల్స్ వేసే అలవాటు ఉండటం ఇలాంటప్పుడు నిజంగా వరం, మూడూ ఒకడికే లేదా మూడూ సగం సగం అక్కర్లేదు. మీరు రాసిన దాన్ని బట్టి నాకైతే కథ మీది, స్క్రీన్‌ప్లే ఇద్దరిది, మాటలు వాడివి అనిపిస్తోంది. ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ 2019లో వచ్చింది కదా, దానికి స్క్రీన్‌ప్లే డైరెక్టర్ స్వరూప్ గారు, హీరో నవీన్ పోలిశెట్టి గారు కలిసి రాశారు, కలిసి వేసుకుంటే ఎవరి పేరూ చిన్నబోదు. అమెరికాలో రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ పద్ధతి ఇంకా సూక్ష్మంగా ఉంటుంది, రెండు పేర్ల మధ్య "&" గుర్తు ఉంటే జట్టుగా రాశారని, "అండ్" అని అక్షరాల్లో ఉంటే విడివిడిగా రాశారని అర్థం. అంత చిన్న గుర్తుకి కూడా అక్కడ అంత విలువ ఇస్తారు.

మాట్లాడుకున్నాక ఒక పేజీ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, లాయర్ భాష అక్కర్లేదు. ఏ టైటిల్ ఎవరిది, డబ్బొస్తే ఎంతెంత, ఒకడు మధ్యలో మానేస్తే వాడు రాసినవి ఏమవుతాయి, రెండోవాడి ఒప్పుకోలు లేకుండా ఎవరూ అమ్మకూడదు, నరేషన్‌కి ఇద్దరూ వెళ్ళాలి. ప్రొడ్యూసర్‌తో ఒప్పందం అయితే నోటిమాట చెల్లదు, హక్కులు రాసిచ్చేది రాతలో, సంతకంతోనే ఉండాలి, ఎన్నేళ్ళకో రాయకపోతే చట్టం 5 ఏళ్ళు అనుకుంటుంది, ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. 2012 సవరణ తర్వాత థియేటర్‌లో ఆడటం కాకుండా వేరే రూపాల్లో వాడుకుంటే రచయితకి రాయల్టీ హక్కు ఉంటుంది, దాన్ని నిర్మాతకి రాసిచ్చేసినా చెల్లదు, ఈ సంగతి చాలామంది కొత్తవాళ్ళకి తెలీదు. ఇవన్నీ సంతకం ముందు ఒకసారి లాయర్‌కి చూపించండి, ఆ ఫీజు దగ్గర మాత్రం వెనకాడొద్దు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, కానీ చేయించుకుంటే కోర్టులో మొదటి సాక్ష్యంగా నిలుస్తుంది. కాపీరైట్ ఆఫీస్‌లో సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లో కట్టొచ్చు, రచయితల దగ్గర ఇద్దరి పేర్లూ రాయండి. హైదరాబాద్‌లో తెలుగు సినీ రచయితల సంఘం, ముంబైలో స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ కూడా ఉన్నాయి, సభ్యులైతే అక్కడా నమోదు చేసుకోవచ్చు. స్క్రిప్ట్‌ని కవర్‌లో పెట్టి, తేదీకి రుజువుగా ఉంటుందని, మనకి మనమే పోస్ట్ చేసుకోమని చాలామంది చెప్తారు, దాని మీద ఆధారపడొద్దు.

ప్రశ్న: తెలుగులో టైప్ చేయాలా, ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు రాస్తే నడుస్తుందా? స్క్రిప్ట్‌లో ఒక పేజీ అంటే తెరమీద ఒక నిమిషం అనే లెక్క మనకి వర్తిస్తుందా?
— నెల్లూరు

జవాబు: మాటలు మాత్రం తెలుగు అక్షరాల్లోనే రాయండి, ఇది గట్టిగా చెప్తున్నా. ఇంగ్లీష్ అక్షరాల్లో "పాడు" అని రాసినా "పడు" అని రాసినా ఒకేలా ఉంటుంది, చదివే నటుడు పాట అందుకోవాలో కింద పడాలో అర్థంకాక ఆగిపోతాడు. యాస ఐతే పూర్తిగా పోతుంది, "ఏం చేస్తున్నవ్"కి "ఏం చేస్తున్నావ్"కి ఉన్న ఆ ఒక్క దీర్ఘంలోనే క్యారెక్టర్ ఏ జిల్లా వాడో ఉంటుంది. పేజీకి నిమిషం లెక్క ఇంగ్లీష్‌లో కొరియర్ ఫాంట్ 12 సైజుకి, వాళ్ళ ఫార్మాట్‌కి పుట్టింది, మన ఫాంట్లకి, మన పాత పద్ధతిలో పేజీని రెండుగా చేసి ఎడమవైపు యాక్షన్, కుడివైపు మాటలు రాసేదానికి అది సరిపోదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పైకి చదువుకోండి. ఇద్దరూ ఒకే గూగుల్ డాక్‌లో రాస్తుంటే సజెషన్ మోడ్ ఆన్ చేసుకోండి, ఎవరు ఏది మార్చారో కనిపిస్తుంది, లేకపోతే "నా లైన్ ఎవడు తీశాడు" అని రోజూ పంచాయితీ.

ప్రశ్న: మేం నలుగురం, వైజాగ్. తలా కొంత వేసుకుంటే 6 లక్షలు వస్తాయి. స్క్రిప్ట్‌లో బీచ్‌లో పెళ్ళి, ట్రైన్‌లో ఛేజ్, వర్షంలో క్లైమాక్స్ ఉన్నాయి. తగ్గించాలంటే కామెడీ పోతుందేమో అని భయంగా ఉంది.
— నలుగురం, విశాఖపట్నం

జవాబు: పోదు, నిజానికి మీ కామెడీ అక్కడ లేదు. నాకు పంపిన పేజీల్లో బాగున్నవి రెండే, కిరాణా కొట్టులో అప్పు పుస్తకం సీన్, మేడ మీద వాటర్ ట్యాంక్ దగ్గర నలుగురి ముచ్చట, రెండూ చవకైనవే. రాసేటప్పుడే లొకేషన్ల లెక్క వేసుకోండి, ఒక ఇల్లు, ఒక కొట్టు, ఒక వీధి ఉంటే రోజుకి ఎక్కువ సీన్లు తీయొచ్చు, నటులకి ఇంకో రెండు టేక్‌లు దొరుకుతాయి, కామెడీకి కావాల్సింది ఆ టేక్‌లే. ఆర్‌కే బీచ్‌లో పెళ్ళి పెడితే జనాన్ని ఆపాలి, పర్మిషన్ కావాలి, అలల హోరులో లైవ్ సౌండ్ రాదు, డబ్బింగ్‌లో టైమింగ్ సగం పోతుంది. వర్షం గురించి ఐతే చెప్పక్కర్లేదు, ట్యాంకర్ ఖర్చొకటి, తడిసిన బట్టలకి రెండో జత ఒకటి.

ఉన్నదాన్నే కథ చేసుకోవడానికి సినిమా బండి మంచి ఉదాహరణ, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ఒక ఆటో డ్రైవర్‌కి తన ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరుకుతుంది, ఊరివాళ్ళనే పెట్టి సినిమా తీద్దామనుకుంటాడు. వాళ్ళ చేతిలో డబ్బు లేకపోవడమే అక్కడ నవ్వుకి మూలం. మీ బీచ్ పెళ్ళిని కూడా అలా తిప్పి చూడండి, పెళ్ళికొడుకు బీచ్‌లో చేస్తానని మాటిచ్చాడు, డబ్బులు అయిపోయి ఆ వాటర్ ట్యాంక్ మేడ మీదకే ఇసుక మోయిస్తున్నాడు అనుకోండి. నలుగురు ఫ్రెండ్స్, మూడంతస్తులు, లిఫ్ట్ లేదు, ఒక్కొక్కడి భుజాన సిమెంటు సంచిలో ఇసుక. ఇది మీకు ఎంతలో అయిపోతుందో లెక్క వేయండి.

ప్రశ్న: అక్కా, నేను డల్లాస్‌లో, నా ఫ్రెండ్ హైదరాబాద్‌లో. ఉద్యోగాలు చేసుకుంటూ రాస్తున్నాం. కాల్‌లో మాట్లాడుకున్నప్పుడు బాగుంటుంది, తర్వాత ఎవరూ రాయరు. ఏడాదిలో 12 సీన్లే అయ్యాయి. ఇలా అవుతుందంటారా?
— డల్లాస్

జవాబు: అవుతుంది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ఫ్రెండ్స్ అయిన డైరెక్టర్లు రాజ్, డీకే అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తూనే అక్కడి మనవాళ్ళ జీవితాల మీద ఫ్లేవర్స్ అనే ఇండిపెండెంట్ సినిమా చేశారు, అది 2003లో వచ్చింది, ఆ తర్వాతే పూర్తిగా సినిమాల్లోకి వచ్చారు. మీరున్న పరిస్థితి నుంచే మొదలైనవాళ్ళు వాళ్ళు.

మీ ఇబ్బంది దూరం వల్ల వచ్చింది కాదని నా అనుమానం. కాల్‌లో సీన్ మొత్తం చెప్పేసుకుంటున్నారు, నవ్వేసుకుంటున్నారు, ఆ ఆకలి అక్కడే తీరిపోతోంది, ఇంక రాయడానికి ఏం మిగుల్తుంది? కాల్‌లో కొత్త సీన్లు చెప్పుకోవడం మానేయండి. ఒక వారం మీరు ఒక సీన్ రాసి పంపండి, ఫ్రెండ్ దాన్ని మిమ్మల్ని అడక్కుండా తిరగరాసి పంపాలి, ఆ తర్వాతే కాల్. తర్వాతి వారం మీరు తిరగరాసేవాళ్ళు అవుతారు. కలం ఒకసారికి ఒకరి చేతిలోనే ఉండాలి, ఇద్దరూ కలిసి ఒక్కో లైన్ టైప్ చేస్తే ఆ లైన్ ఇద్దరికీ అభ్యంతరం లేనిదిగా తయారవుతుంది, అంటే ఉప్పూ కారం లేనిది. మీకు వేసవిలో శనివారం ఉదయం 8 అయితే హైదరాబాద్‌లో సాయంత్రం 6:30, చలికాలం గడియారాలు మారాక 7:30, అది ఇద్దరికీ మెలకువగా ఉండే టైమ్, దాన్ని ఇంట్లోవాళ్ళకి చెప్పి కేటాయించుకోండి. ఇక ఏదైనా లైన్ దగ్గర పట్టుదల వస్తే "ఇది నవ్వొస్తుందా రాదా" అని వాదించుకోవద్దు, దానికి అంతం ఉండదు, "వాడు ఆ మాట అంటాడా" అని అడగండి. ఆ ప్రశ్నకి మటుకు ఇద్దరికీ ఒకే జవాబు దొరుకుతుంది, దొరక్కపోతే ఆ క్యారెక్టర్ ఎవరో మీ ఇద్దరికీ ఇంకా తెలియలేదు, వెనక్కి వెళ్ళి అది తేల్చుకోండి.

ప్రశ్న: మేడమ్, నా ఫ్రెండ్, నేను కలిసి రాస్తున్న స్క్రిప్ట్‌లో మా నాన్న ఉన్నారు. రోజూ పొద్దున ఆరింటికి కరెంట్ మీటర్ రీడింగ్ పుస్తకంలో రాసుకోవడం, హాస్టల్లో ఉన్న నాకు ఫోన్ చేసి "ఫ్యాన్ కట్టేశావా" అని అడగడం, అన్నీ నిజమే, నేనే నవ్వుతూ చెప్పినవే. కానీ తను రాసిన సీన్‌లో అందరూ ఆయన్ని పిసినారి అని ఆటపట్టిస్తుంటే చదవలేకపోయాను. తనకి చెప్తే "నువ్వే కదా చెప్పావ్" అంటుంది.
— ఒక అమ్మాయి, రాజమండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫ్రెండ్‌కి చెప్పుకున్న మాట స్క్రిప్ట్‌కి ఇచ్చిన మాట కాదు, ఈ రెండూ వేరని మీరు ఆమెకి చెప్పండి, మొహమాటపడొద్దు. ఆమె తప్పు కూడా పెద్దగా లేదు, మీరు నవ్వుతూ చెప్పారు, ఆమె నవ్వునే తీసుకుంది, ఆ నవ్వు వెనక మీకున్నది ఆమెకి కనిపించలేదు. ఇంటి మనుషుల్ని తీసుకునేటప్పుడు ఎవరి మనిషో వాళ్ళకి వద్దనే హక్కు ఉండాలి, కారణం అడక్కుండా, ఇది మీ ఇద్దరి మధ్య మొదటి నియమంగా పెట్టుకోండి. ఊరు, ఉద్యోగం, పేరు ఎలాగూ మార్చాలి.

కానీ ఆయన్ని తీసేయమని నేను చెప్పను, ఆ మీటర్ పుస్తకం చాలా గొప్ప వస్తువు. మీ నాన్నగారు ఆ పుస్తకం ఎప్పట్నుంచి రాస్తున్నారు? మీరు ఉత్తరం చివర ఒక మాట రాశారు, ఒకసారి బిల్లు కట్టలేక ఇంటికి కరెంట్ తీసేస్తే మీ అక్క టెన్త్ పరీక్షలకి వీధి దీపం కింద చదివిందని, మీరు అప్పుడు చాలా చిన్నదని. అది స్క్రిప్ట్‌లో లేదు. ఆ సంగతి తెలిశాక "ఫ్యాన్ కట్టేశావా" అన్న మాట ఇంకా నవ్వొస్తుంది, గొంతులో ఏదో అడ్డం కూడా పడుతుంది, రెండూ ఒకేసారి. అది ఆయన నోటితో చెప్పించొద్దు, పాత పుస్తకాలు దొంతరగా ఉన్న అల్మారా తెరిచినప్పుడు, మార్చి నెల దగ్గర కొన్ని పేజీలు ఖాళీగా ఉంటే చాలు, చూసేవాళ్ళు పట్టుకుంటారు. తర్వాత ఒక్క సీన్‌లోనైనా ఆయన గెలవాలి, వీధి మొత్తానికి తప్పు బిల్లు వచ్చిన రోజున అందరూ ఆయన గుమ్మం ముందు క్యూ కట్టి, ఆయన కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తెరవాలి.

ఆ రెండు సీన్లు మాత్రం మీ ఫ్రెండ్‌కి వదలకుండా మీరే రాయండి, ఆమె తర్వాత సరిచేస్తుంది. రాశాక సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ నాన్నగారికి చదివి వినిపించండి, పొద్దున ఆరింటికి రీడింగ్ రాసుకోవడం అయ్యాక, కాఫీ టైమ్‌లో.